సినిమా కంటే ముందు పుట్టిన బొమ్మలు

హైస్కూలు రోజుల్లో నా చేతికి వచ్చిన ఒక పాత సినిమా పుస్తకం మధ్య పేజీల్లో, ఇద్దరు మనుషులు కాంతితో చేసిన కత్తులు పట్టుకుని తలపడుతున్న బొమ్మ ఒకటి ఉండేది. నల్లని ముసుగు, వెనక్కి ఎగురుతున్న నల్లని అంగీ ఉన్న ఆ పొడవాటి ఆకారం స్టార్ వార్స్ సినిమాలోని ప్రతినాయకుడు డార్త్ వేడర్‌దేనని చూడగానే తెలిసింది. అతని ఎదుట నిలబడ్డ యువకుడెవరో మాత్రం తెలియలేదు, ఎందుకంటే అతని ముఖానికి కూడా ఊపిరి తీసుకునే సాధనం బిగించి ఉంది. స్టార్ వార్స్ నేను అప్పటికే చూశాను. అందులో ఇటువంటి ఘట్టం ఎక్కడా లేదు. బొమ్మ 1975 నాటిదని కింద రాసి ఉంది, సినిమా విడుదలైనది 1977లో. అది సినిమాను చూసి వేసిన బొమ్మ కాదని, సినిమా ఇంకా ఎక్కడా లేనప్పుడు వేసినదని అర్థమైనప్పుడు కలిగిన ఆశ్చర్యమే నన్ను ఈ చిత్రాల వెంట ఇన్నేళ్లు నడిపించింది.

ఆ బొమ్మ వేసినవారు రాల్ఫ్ మెక్వారీ. అంతకు ముందు ఆయన బోయింగ్ కంపెనీలో సాంకేతిక చిత్రకారుడిగా పనిచేశారు. అపోలో యాత్రల టీవీ ప్రసారాల కోసం అమెరికా టీవీ సంస్థ సీబీఎస్ వార్తా విభాగానికి బొమ్మలు సమకూర్చారు. స్టార్ వార్స్ దర్శకుడు జార్జ్ లూకస్ ఆయనను పిలిపించే నాటికి చేతిలో ఉన్నది మాటిమాటికీ మారుతున్న స్క్రిప్టు మాత్రమే. ఆ స్క్రిప్టులో ఒకచోట వేడర్ ఒక నౌక నుంచి మరొక నౌకలోకి అంతరిక్షం గుండా దాటి రావలసి ఉంది. గాలి లేని చోట ఈ మనిషి ఊపిరి ఎలా తీసుకుంటాడన్న సందేహం మెక్వారీకి కలిగింది, వెంటనే ముఖానికి శ్వాస సాధనం తగిలించారు. ఎదుటి యువకుడి ముఖాన ఉన్నదీ అదే తర్కంతో వచ్చినది. తర్వాత స్క్రిప్టు మారింది, అంతరిక్షంలో దాటి రావలసిన అవసరం పోయింది, యువకుడి ముఖం బయటపడింది. వేడర్ ముసుగు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ ముసుగు లోపల ఎవరున్నారు, అది లేకుండా ఎందుకు బతకలేడు అన్న కథంతా దాని చుట్టూ తర్వాతి సినిమాల్లో అల్లుకున్నదే. అంటే ముఖం ముందు వచ్చింది, జీవితచరిత్ర తర్వాత వచ్చింది.

ఈ సంగతి చదివిన నాటి నుంచి నేను కాన్సెప్ట్ చిత్రాలను, అంటే సినిమా తీయకముందే దాని లోకాన్ని ఊహించి వేసే బొమ్మలను, చూసే పద్ధతే మారింది. ఏ చిత్రం ఎదుట కూర్చున్నా, ఇందులోని ఈ ఆకారం ఏ ప్రశ్నకు సమాధానంగా పుట్టి ఉంటుందా అని వెతకడం అలవాటైంది. గొప్ప చిత్రాల్లో ఆ ప్రశ్న దాదాపు ఎప్పుడూ చాలా మామూలుది: ఇక్కడ గాలి ఎలా వస్తుంది, ఈ యంత్రం చెడిపోతే ఎవరు బాగుచేస్తారు, ఈ తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఈ వెలుగు ఎక్కడి నుంచి పడుతోంది. వైజ్ఞానిక కల్పన సినిమాల్లో మనం నమ్మే లోకాలన్నీ ఇటువంటి ప్రశ్నల మీదే నిలబడి ఉంటాయని నా నమ్మకం.

ఈ పని గురించి తెలియని వారి కోసం ఒక మాట చెప్పాలి. కెమెరా ఎక్కడ ఉండాలో, షాటు తర్వాత షాటు ఎలా వస్తుందో చూపించేవి స్టోరీబోర్డులు. గాజు మీద వేసి, నటులున్న దృశ్యంతో కలిపి, తెర మీద నేరుగా కనిపించేవి మ్యాట్ పెయింటింగులు. కాన్సెప్ట్ చిత్రం ఈ రెండింటికీ ముందుది. అది తెర మీద కనిపించదు. దర్శకుడు, కళాదర్శకుడు, నమూనాలు చేసేవాళ్లు, దుస్తులు కుట్టేవాళ్లు, డబ్బు పెట్టేవాళ్లు అందరూ ఒకే లోకాన్ని మనసులో పెట్టుకోవడానికి అది పనికి వస్తుంది, పని అయిపోగానే అల్మారాలోకి వెళ్లిపోతుంది. స్టార్ వార్స్ మీద డబ్బు పెట్టడానికి ట్వంటియత్ సెంచరీ ఫాక్స్ స్టూడియో ఒప్పుకోవడంలో మెక్వారీ వేసిన ఆ తొలి చిత్రాలకు పెద్ద పాత్రే ఉంది.

ఆ చిత్రాల్లోనే ఎడారిలో నిలబడ్డ రెండు రోబోల బొమ్మ కూడా ఉంది. అందులో మనిషి ఆకారంలో ఉన్న సీ-త్రీపీఓ అనే రోబోకు 1927లో వచ్చిన మెట్రోపొలిస్ సినిమాలోని లోహపు స్త్రీ పోలికలు స్పష్టంగా కనిపిస్తాయి. సీ-త్రీపీఓ పాత్ర వేసిన ఆంథనీ డేనియల్స్‌కు మొదట రోబో వేషం మీద ఆసక్తి లేదట. గోడ మీద ఉన్న ఈ బొమ్మలోని ముఖం తనవైపే చూస్తున్నట్టు అనిపించి మనసు మార్చుకున్నానని ఆయన చాలాచోట్ల చెప్పారు. ఆ బొమ్మను ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు గాని, ఆయన చెప్పినదాంట్లో అతిశయోక్తి ఏమీ లేదని మాత్రం చెప్పగలను. కదలని లోహపు ముఖం అది, పెదవులు లేవు, కనుబొమలు లేవు. తల కాస్త పక్కకు తిరిగి ఉండడంలోనే దిక్కుతోచనితనమంతా ఉంది.

నేను ఆ బొమ్మను పోస్టర్ రంగులతో తిరగవేయడానికి పూనుకున్నాను. మెక్వారీ వాడినవి ప్రధానంగా గువాష్ రంగులు, అంటే కాగితం తెల్లదనాన్ని పూర్తిగా కప్పేసే చిక్కటి నీటి రంగులు. ఈ రంగుల స్వభావం విచిత్రమైనది: తడిగా ఉన్నప్పటి ఛాయ ఆరిన తర్వాత ఉండదు, లేత రంగులు కాస్త ముదురుతాయి, ముదురు రంగులు కాస్త వెలిసినట్టవుతాయి. అందుకే ఇసుక మీది ఎండకూ, ఆకాశం అడుగున ఉన్న లేత పసుపుకూ మధ్య ఉన్న ఆ చిన్న తేడాను పట్టుకోవాలంటే, కుంచెలో ఉన్న రంగును కాకుండా అరగంట తర్వాత కాగితం మీద మిగలబోయే రంగును ఊహించి కలపాలి. ఆ పని చేస్తూ ఉండగానే ఆయన చిత్రాల్లోని రహస్యం కొంత నాకు అందింది. దూరం పెరిగేకొద్దీ ఆయన వివరాలు తగ్గించరు, తేడాలు తగ్గిస్తారు. ముందున్న రోబో మీద నలుపు తెలుపు పక్కపక్కనే మెరుస్తుంటే, వెనకాలి కొండల్లో వెలుగుకూ నీడకూ మధ్య ఒక్క మెట్టు తేడా మాత్రమే ఉంటుంది, అయినా కొండ అంచులోని పగుళ్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు.

ఆ రోజుల్లో నాకు బొమ్మలు నేర్పిన డ్రాయింగ్ మాస్టారికి అంతరిక్ష సినిమాలంటే పెద్దగా తెలియదు. నేను తీసుకువెళ్లిన కాగితం చూసి, “కొండ బాగానే వేశావు గాని, అది ఎంత పెద్దదో నాకెలా తెలుస్తుందిరా?” అని అడిగారు. నేను బిక్కముఖం వేసి నిలబడితే, పెన్సిలు తీసుకుని కొండ అడుగున వడ్లగింజంత మనిషిని గీశారు. “ఇప్పుడు చూడు, కొండ దానంతటదే పెరిగింది,” అన్నారు. ఆ తర్వాత నేను చూసిన ప్రతి కాన్సెప్ట్ చిత్రంలోనూ ముందు ఆ గింజంత మనిషి కోసమే వెతికాను, దాదాపు ప్రతిసారీ దొరికాడు.

ఆ చిన్న మనిషి విలువ నాకు పూర్తిగా తెలిసింది 1979 నాటి ఏలియన్ సినిమా కోసం స్విస్ చిత్రకారుడు హెచ్.ఆర్. గీగర్ వేసిన చిత్రాలు చూసినప్పుడు. పాడుబడిన నౌకలో, కుర్చీలోనే ఎముకల గూడుగా మారిపోయిన మహాకాయుడు, అతని పక్కన హెల్మెట్లు పెట్టుకున్న చిన్న మనుషులు. చిత్రంలో అంత తేడా చూపించడం కుంచెకు తేలిక, సెట్లో కష్టం. అందుకు దర్శకుడు రిడ్లీ స్కాట్ కనిపెట్టిన ఉపాయం నాకు ఎంతో నచ్చుతుంది: కొన్ని షాట్లలో పెద్ద నటులకు బదులు చిన్న పిల్లలకు, అందులో తన కొడుకులకు, స్పేస్ సూట్లు తొడిగి నిలబెట్టారు, దాంతో సెట్టు ఉన్నదానికంటే చాలా పెద్దదిగా కనిపించింది. మాస్టారు పెన్సిలుతో చేసినది ఆయన కెమెరాతో చేశారు.

ఏలియన్ చిత్రాల గురించి ఇంకొంచెం చెప్పకుండా ముందుకు వెళ్లలేను, ఎందుకంటే ఈ కళను ఇష్టపడేవాళ్లకు అది ఒక గని. స్కాట్ స్వయంగా బొమ్మలు వేయగలిగినవాడు. ఆయన గీసిన స్టోరీబోర్డులు చూశాక స్టూడియో ఆ సినిమా బడ్జెట్‌ను 42 లక్షల డాలర్ల నుంచి 84 లక్షల డాలర్లకు పెంచింది. అయితే నన్ను ఆకట్టుకున్నది డబ్బు సంగతి కాదు, పని పంచిన తీరు. మనుషుల వస్తువులు ఒకరి చేతికి, మనుషులవి కానివి మరొకరి చేతికి అప్పగించారు. మనుషులు ప్రయాణించే నోస్ట్రోమో నౌక లోపలి భాగాల రూపకల్పనలో ప్రధానమైన చెయ్యి రాన్ కాబ్‌ది. వ్యోమగాముల దుస్తులను, కొద్ది రోజులే పనిచేసినా, ఫ్రెంచి చిత్రకారుడు మోబియస్ రూపొందించాడు. గ్రహాంతర జీవి, దాని గుడ్లు, పాడుబడిన నౌక పూర్తిగా గీగర్‌వి. ఇద్దరు వేర్వేరు మనసులు గీసిన వస్తువులు ఒకే చట్రంలోకి వచ్చినప్పుడు, అవి రెండు వేర్వేరు నాగరికతలవని ప్రేక్షకుడికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఒకే చిత్రకారుడు ఎంత గొప్పవాడైనా ఇది సాధించలేడని నా అభిప్రాయం.

గీగర్ ఎయిర్‌బ్రష్‌తో పనిచేసేవాడు. సిరాను సన్నని తుంపరగా కాగితం మీదికి ఊదుతూ పోవడం వల్ల గీతలకు అంచు ఉండదు. ఎముక ఎక్కడ ముగిసిందో, గొట్టం ఎక్కడ మొదలైందో కన్ను తేల్చుకోలేదు. 1976లో ఆయన వేసిన నెక్రోనోమ్ 4 అనే చిత్రమే ఆ జీవికి మూలం. పొడవాటి తల, వీపున లేచిన గొట్టాలు, అన్నీ అందులో ఉన్నాయి. తర్వాత గీగర్ స్టూడియోకి వచ్చి నిజమైన ఎముకలు, మట్టి, గొట్టాలు కలిపి ఆ దేహాన్ని తన చేతులతోనే మలిచాడు. చిన్నతనంలో నాకు ఆ చిత్రాలు చూడాలంటే భయం, చూడకుండా ఉండాలంటే బెంగ. ఇప్పుడు భయం తగ్గింది గాని, ఆ అంచుల్లేని నీడల దగ్గర కన్ను ఇప్పటికీ ఆగిపోతుంది.

రాన్ కాబ్ మనసు ఇందుకు పూర్తిగా భిన్నమైనది. నౌకను ఆయన నిజంగా నడపవలసిన యంత్రంగా భావించి గీసేవారు. ఆ నౌక గోడల మీద అతికించడానికి ఆయన తయారుచేసిన చిన్న చిన్న గుర్తుల పట్టికను నేను భూతద్దం పెట్టి మరీ చూశాను: ఈ తలుపు అవతల గాలి పీడనం లేదు, ఇక్కడ కృత్రిమ గురుత్వాకర్షణ ఉంది, ఇది శీతల నిద్ర గది, ఇది నిచ్చెన దారి. అన్నీ గుండ్రని మూలలున్న చతురస్రాలే, రెండు మూడు రంగులే. వాటి మధ్య కాఫీకి కూడా ఒక గుర్తు ఉంది. భీతి గొలిపే సినిమాలో, ప్రేక్షకుడు చదవడానికి వీలు కూడా లేనంత చిన్న గుర్తు కోసం, ఈ ఓడలో పనివాళ్లు కాఫీ ఎక్కడ తాగుతారని ఒక చిత్రకారుడు ఆలోచించాడు. ఆ శ్రద్ధకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

సిడ్ మీడ్ చిత్రాలు నాకు చాలా ఆలస్యంగా, ఉద్యోగంలో చేరాక దొరికాయి. ఆయన ఫోర్డ్ కంపెనీలో భవిష్యత్తు కార్లు గీసిన పారిశ్రామిక రూపశిల్పి. 1982లో వచ్చిన బ్లేడ్ రన్నర్ కోసం ఆయనను మొదట పిలిచింది వాహనాలు గీయడానికే. కానీ ఖాళీ కాగితం మీద కారును ఒంటరిగా నిలబెట్టడం ఆయన పద్ధతి కాదు. దాని చుట్టూ తడిసిన రోడ్డు, గుంపులుగా జనం, గోడల మీద లైట్లు, వాటి ప్రతిబింబాలు కారు పైకప్పు మీద, అన్నీ వేసి ఇచ్చారు. ఆ సినిమాకూ దర్శకుడైన స్కాట్‌కు కారు కంటే ఆ వీధి ఎక్కువ నచ్చింది, అలా మీడ్ ఆ నగరానికే రూపశిల్పి అయ్యారు. సినిమా టైటిళ్లలో ఆయన పేరు విజువల్ ఫ్యూచరిస్ట్ అన్న హోదాతో పడింది.

ఆ వీధి చిత్రాల్లో నన్ను కట్టిపడేసింది కొత్తదనం కాదు, పాతదనం. భవిష్యత్తులో కట్టడాలన్నీ కొత్తగా ఉంటాయని అంతకు ముందు చాలామంది గీశారు. మీడ్, స్కాట్ అలా అనుకోలేదు: పాత భవనాలను ఎవరూ కూల్చరు, వాటి మీదే కొత్త గొట్టాలు, తీగలు, గాలి యంత్రాలు తగిలిస్తూ పోతారు, బాగుచేయడానికి తీరిక లేక ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి అని ఊహించారు. స్టూడియో ఆవరణలో ఎప్పటి నుంచో ఉన్న న్యూయార్క్ వీధి సెట్టు మీద ఇవన్నీ తగిలించి ఆ నగరాన్ని తయారుచేయడం ఆ ఊహకు ఎంతో చక్కగా కుదిరింది. మీడ్ పార్కింగ్ మీటరును కూడా వదల్లేదు. దాన్ని కదిలిస్తే లోపలి విద్యుత్తుతో చనిపోతారన్న హెచ్చరిక దాని మీద ఉంటుంది. ఒక్క మీటరుతో ఆ నగరంలో దొంగతనాలు ఎంత ఎక్కువో, మనిషి ప్రాణం ఎంత చవకో తెలిసిపోతుంది. ఆ సినిమా కథ జరిగేది 2019 నవంబరులో. మీడ్ మరణించినది అదే 2019 డిసెంబరు 30న. ఆ వార్త చదివిన రోజు ఆయన వాన వీధి చిత్రాలను మళ్లీ తీసి చాలాసేపు చూశాను.

ఈ చిత్రాలు భవిష్యత్తును సరిగ్గా చెప్పాయా లేదా అన్న చర్చ నాకు పెద్దగా రుచించదు. అంతరిక్ష చిత్రకారుడు చెస్లీ బోనెస్టెల్ 1944లో లైఫ్ పత్రికలో వేసిన శని గ్రహం చిత్రం తీసుకోండి: టైటాన్ ఉపగ్రహం మీద మంచు కప్పిన కొండల మధ్య నిలబడితే, నీలి ఆకాశంలో వలయాలతో సహా శని కనిపిస్తూ ఉంటుంది. 2005 జనవరిలో హైగెన్స్ వ్యోమనౌక అక్కడ దిగి చూపించినది నారింజరంగు మబ్బు తెరను. 1950లో వచ్చిన డెస్టినేషన్ మూన్ కోసం ఆయన వేసిన చంద్రుడి కొండలు కత్తుల్లా కోసుగా ఉంటాయి, అపోలో యాత్రికులు చూసినవి నున్నగా అరిగిపోయిన గుట్టలు. అయినా ఆ చిత్రాల్లో వెలుగు వచ్చే దిక్కు, గ్రహం పరిమాణం, నీడ పడే కోణం ఆనాటికి తెలిసిన లెక్కల ప్రకారం వేసినవే. వాస్తుశిల్పం చదివి, హాలీవుడ్‌లో మ్యాట్ పెయింటింగులు వేసిన చెయ్యి అది. తెలిసినంత మేరకు నిజాయితీగా లెక్క వేసి, తెలియని చోటికి ధైర్యంగా కుంచె చాపడం ఎప్పటికీ పాతబడే పని కాదు.

అసలు తెర మీదికే రాని సినిమాల చిత్రాలంటే నాకు మరింత మమకారం. 1970ల మధ్యలో దర్శకుడు అలెహాంద్రో హోదొరోవ్‌స్కీ డ్యూన్ నవలను సినిమాగా తీయాలని మోబియస్‌ను, గీగర్‌ను, చిత్రకారుడు క్రిస్ ఫాస్‌ను ఒకచోట చేర్చాడు. డబ్బు సమకూరక సినిమా ఆగిపోయింది. ఫాస్ గీసిన నౌకలు మాత్రం మిగిలాయి: విషపు కీటకాలకు ఉండే పసుపు నలుపు చారలు, ఉబ్బెత్తు పొట్టలు, వాటిని చూస్తే లోహపు వస్తువుల్లా కాక ప్రాణమున్నవాటిలా అనిపిస్తాయి. ఏలియన్ కథ రాసిన డాన్ ఒబానన్ ఈ ముగ్గురినీ కలుసుకున్నది ఆ ఆగిపోయిన సినిమా పనిలోనే. ఆ పరిచయమే వాళ్లను ఏలియన్ దాకా తీసుకువచ్చింది.

ఇప్పుడు ఈ పని చాలావరకు కంప్యూటర్ మీదికి మారింది. ఫొటోలను ముక్కలుగా అతికించి, పైన రంగు వేసి, ఒక్క పూటలో సినిమా ఫ్రేములా కనిపించే చిత్రాన్ని తయారుచేయగలుగుతున్నారు. నైపుణ్యంలో ఇప్పటివాళ్లు ఎవరికీ తీసిపోరు, వాళ్ల మీద పడే గడువుల ఒత్తిడి నాకు తెలియనిది కాదు. అయినా పూర్తిగా ముగిసిపోయిన చిత్రంలో, తర్వాత పనిచేసేవాళ్లు ఆలోచించడానికి చోటు తక్కువగా మిగులుతుందని నాకు అనిపిస్తుంది. కంప్యూటర్ జంతువులతో సినిమా దారినే మార్చిన 1993 నాటి జురాసిక్ పార్క్‌కు కూడా మొదట మార్క్ మెక్‌క్రీరీ పెన్సిలుతో గీసిన డైనోసార్లే ఆధారం. ఆ పెన్సిలు చిత్రాల్లో చర్మం మడతలు, కండరాల బరువు, పాదం నేలను నొక్కే తీరు ఉన్నాయి, రంగు లేదు. రంగు ఏమిటో తేల్చే పని తర్వాతివాళ్లకు మిగిలింది.

పక్కన పెట్టిన చిత్రాలు కూడా వృథా కావు. స్టార్ వార్స్ స్క్రిప్టు మారుతున్న రోజుల్లో కొంతకాలం పాటు కథానాయకుడు ల్యూక్ అమ్మాయి. మెక్వారీ ఆ అమ్మాయిని మిగతా పాత్రలతో కలిపి వేసిన బృంద చిత్రం ఇప్పటికీ ఉంది, ఎంత సహజంగా నిలబడి ఉంటుందంటే ఆ సినిమా కూడా ఎక్కడో తీసే ఉంటారనిపిస్తుంది. ఆయన తొలినాళ్లలో ఛ్యుబాకా అనే ఒళ్లంతా రోమాలున్న జీవి పాత్ర కోసం గీసిన రూపం సినిమాలోని దానికి చాలా దూరంగా ఉంటుంది: పెద్ద పెద్ద కళ్లు, నిక్కబొడుచుకున్న చెవులు, వెడల్పాటి దవడ. మెక్వారీ 2012లో కన్నుమూశారు. రెండేళ్ల తర్వాత మొదలైన స్టార్ వార్స్ రెబెల్స్ అనే యానిమేషన్ సీరియల్‌లో జెబ్ అనే పాత్రకు ఆ పాత చిత్రాన్నే ఆధారంగా తీసుకున్నారు. దాదాపు నలభై ఏళ్ల కిందట వద్దనుకున్న ముఖం మాటలు నేర్చుకుని, పోట్లాడుతూ, జోకులు వేస్తూ తెర మీదికి వచ్చేసరికి, పక్కన కూర్చుని చూస్తున్న మా పిల్లలకు సీరియల్ ఆపి మరీ ఆ పాత బొమ్మ ఉన్న పేజీ తీసి చూపించాను.